తప్పకుండా మోగే గంట

మా యాడి అన్నం కంచం ముందు పెట్టుకుని, ముద్ద కలపకుండా, గోడకు ఆనించిన టాబ్ వైపు చూస్తూ కూర్చునేది. యాడి అంటే అమ్మ. మాది మానుకోటకు దగ్గర్లో ఒక తండా. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ ఆటోవాళ్ళు మానుకోట అనే అరుస్తారు. ఇంట్లో మా భాష మాకుంది. ఇక్కడ మాత్రం యాడి మాటలు కూడా తెలుగులోనే రాస్తున్నాను, లేకపోతే మీకూ నాకూ పరేషానే.

ఆ టాబ్‌లో ఒక ఆన్‌లైన్ ఆట తెరిచి ఉండేది. ఒక కోట, చుట్టూ పొలాలు, కోట గుమ్మం పక్కన వేలాడే ఇత్తడి గంట. మా తమ్ముడు భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. షిఫ్టు అయిపోయి పైకి రాగానే వాడు ఫోన్ తీసి, ఆటలోకి వచ్చి, ఆ గంట కొట్టాలి. వాడు అక్కడ కొడితే ఇక్కడ మా టాబ్ ఖంగుమనేది. ఆ చప్పుడు వినగానే యాడి "పైకొచ్చిండు" అని ముద్ద కలిపేది. వినపడకపోతే కంచం అలాగే ఉండేది, నేను తిట్టినా, బతిమాలినా.

నవ్వుకోండి. నేనూ మొదట్లో నవ్వాను.

ఫోన్ చేసుకోవచ్చు కదా అంటారు. బాయి లోపల సిగ్నల్ ఉండదు. పైకి వచ్చాక వాడు ఏ వేళకు పడుకుంటాడో వాడికే తెలియదు. ఒక వారం మొదటి షిఫ్టు, ఇంకో వారం రెండోది, మరో వారం రాత్రిది. యాడి ఫోన్ చేసిందంటే సరిగ్గా వాడికి కన్ను అంటుకున్నప్పుడే చేసేది. మెసేజ్ పెడదామంటే ఆమెకు చదువు రాదు. అందుకని గంట. నిజానికి ఇది మాకు మరీ కొత్త పద్ధతి కూడా కాదు. మా బాపు బతికున్న రోజుల్లో చేను నుంచి వస్తూ కాలువ గట్టు ఎక్కగానే ఒక కూత పెట్టేవాడు. ఆ కూత వినపడ్డాకే యాడి పెనం మీద రొట్టె వేసేది. బాపు పోయాక ఆమె చెవులకు పని లేకుండా పోయింది. తమ్ముడు బాయికి పోయినప్పటి నుంచి మళ్ళీ పని దొరికింది.

ఆటను ఇంట్లోకి తెచ్చింది నేనే. మానుకోటలో ఎరువుల దుకాణంలో పనిచేస్తాను. ఎండాకాలం రైతన్నవాడు అటువైపు తొంగి చూడడు, ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. ఆ ఖాళీలో నేను మొదలుపెట్టి తమ్ముణ్ణి కూడా లాగాను. ఆ ఆటలో ఒంటరిగా ఉంటే బతకనివ్వరు, ఏదో ఒక దండులో చేరాలి. మేము చేరిన దండుకు పెద్ద జనగామ మనిషి. ఆ రాసే రాతలూ ఆ గద్దింపులూ చూసి ఎవరో రిటైరైన పోలీసు అనుకున్నాం. తీరా ఒకరోజు మాట్లాడితే ఆడగొంతు. జనగామలో బ్యూటీ పార్లర్ నడుపుతుందట! ఒకరి మొహానికి రాసింది ఆరేలోపు ఇంకొకరి కోట మీద దాడి ముగించే మనిషి. మేమందరం ఆమెను సర్దారమ్మ అని పిలిచేవాళ్ళం. ఆమెది ఒక్కటే పట్టుదల. "ఆడకుంటె మానె, ఆడుతున్నట్టు మాత్రం చెయ్యొద్దు" అనేది.

ఆటలో ప్రతిరోజూ పొలం కోసి ధాన్యం కోటకు చేరవేయాలి. పరమ విసుగు పని. షిఫ్టుల మధ్య అది చేయలేక తమ్ముడు ఎప్పుడూ అందరికంటే కిందే ఉండేవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి అందరినీ దాటేశాడు. వాడు బాయిలో ఉండాల్సిన వేళల్లో కూడా వాడి బొమ్మ కొడవలి పట్టుకుని పొలంలో తిరుగుతోంది. సెలవు రోజున ఇంటికి వచ్చినప్పుడు పట్టుకుని నిలదీశాను. వాడు సంచిలోంచి అద్దం పగిలిన పాత ఫోన్ ఒకటి తీశాడు. అందులో ఒక యాప్ ఉంది. మనం ఒకసారి తెర మీద ఎక్కడెక్కడ నొక్కామో గుర్తుపెట్టుకుని, చెప్పిన వేళకు అవే నొక్కులు తనే నొక్కుతుంది. దాన్ని మాక్రో అంటారు. ఫోన్‌ను నేల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుని చూపించాడు. ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద పొలం వరుసగా కోతకు వస్తోంది. యాడి వంగి చూసి "లోపట ఎవలన్న ఉన్నరా?" అని వెనక్కి జరిగింది.

"ఇది మోసంరా," అన్నాను.

"ఎవల్ని మోసం చేసిన్నే అక్కా? ఎవని కోటన్న దోసుకున్ననా?"

"నువ్వు లేకుంట ఉన్నట్టు కనపడుతున్నవ్. గది మోసం గాదా?"

"బాపు బోరుకాడ ఆటో స్టార్టర్ పెట్టలేదా? కరెంట్ రాంగనె మోటర్ దానంతట అదే నడుస్తుండె. బాపు ఇంట్ల మంచం మీద పండుకుంటుండె. అయితె బాపు మోసగాడా?"

వీడి తెలివి మండ! కానీ నేను ఊరుకునే రకాన్నా? "గా ఆటో స్టార్టరే గదరా మోటర్‌ను కాలబెట్టింది," అన్నాను. "బోర్ల నీళ్లు అయిపోయినయని దానికెట్ల తెలుస్తది? కరెంటొచ్చింది, మోటర్ ఆన్ చేసింది. ఎండిన బోర్ల నడిసి నడిసి మోటర్ కాలిపోయింది. వాసన వచ్చెదాక ఎవలకు తెల్వదు."

"సరే తల్లీ, నీతోని వాదం పెట్టుకుంటె గెలుస్తనా?" అని నవ్వాడు.

"మరి ఆట కంపెనోళ్లు పట్టుకోరా?"

ఆ ప్రశ్నకు వాడి మొహం వెలిగిపోయింది. "ఒక్క తీరుగ నొక్కితె పట్టుకుంటరు. నేను గట్ల పెట్టలే. ఒకసారి జర ఆలస్యం, ఒకసారి జర తొందర. అప్పుడప్పుడు తప్పు తాన నొక్కి మళ్ల దిద్దుకుంటది గూడ. అచ్చం మనిషి లెక్కనె. ఎవని తరం గాదు పట్టుకునుడు."

ఎంత మురిసిపోయాడో! అంత చదువూ లేదు, ఎవరూ నేర్పలేదు, వాడంతట వాడే ఇవన్నీ పట్టుకున్నాడు. నాకు కోపం ఒకపక్క, మా తమ్ముడని గర్వం ఒకపక్క.

సర్దారమ్మకు మాత్రం గర్వం గిర్వం లేదు. సంగతి తెలియగానే మమ్మల్నిద్దరినీ కాల్‌లోకి పిలిచింది. ఆమె గొంతు వెనక హెయిర్ డ్రయ్యర్ మోత వినిపిస్తోంది. తమ్ముడు మళ్ళీ తన ఆటో స్టార్టర్ కథ ఎత్తుకున్నాడు. ఆమె చివరిదాకా విని, అరవకుండా చెప్పింది. "చూడు తమ్మీ, వడ్లు ఎన్ని కోస్తవో నాకవసరం లేదు. దాడి జరిగినప్పుడు నీ బొమ్మ నా పక్కపొంటి నిలబడితె నువ్వున్నవనుకుంట. నువ్వున్నవన్న ధైర్యంతోని ముందటికి పోత. నువ్వు లేకపోతివనుకో, నా పని ఖతం. నీ మాక్రోతోని వచ్చే ఆపద గదే. నువ్వు లేనికాడ నువ్వున్నవని మేం నిమ్మలంగుంటం."

తమ్ముడు "సరే అక్కా, తీసేస్త" అన్నాడు. తీసేశాడు కూడా. మర్నాటి నుంచి వాడి ధాన్యం మళ్ళీ అడుక్కి పడిపోయింది. దండంతా వాణ్ణి ఆటపట్టించింది. అక్కడితో ఆ గొడవ అయిపోయిందనుకున్నాం.

ఆ వానాకాలం ఒకరోజు గంట మోగలేదు. మొదటి షిఫ్టు అయి మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది, టాబ్ ఉలకదు పలకదు. ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు. యాడి కంచంలో అన్నం ఎండిపోయింది. తెల్లారి నేను లేచేసరికి ఆమె ఇంట్లో లేదు. నాకు ఒక్క మాట చెప్పకుండా మొదటి బస్సెక్కి, వరంగల్‌లో మారి, భూపాలపల్లి పోయి, బాయి గేటు ముందు కూలబడి గుండెలు బాదుకుందట. జనం పోగయ్యారు. తీరా చూస్తే మావాడు అలసిపోయి, ఫోన్ దిండు కింద పెట్టుకుని, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. కళ్ళు నులుముకుంటూ గేటు దగ్గరికి వచ్చాడట. అప్పటి నుంచి తోటివాళ్ళకు వాడు నవ్వులాట అయిపోయాడు. ఎదురుపడినవాడల్లా "గంట కొట్టినవారా?" అని అడగడమే.

ఆ రోజు వాడు నాకు ఫోన్ చేసి అరిచాడు. "ఇజ్జత్ తీసిందక్కా! సిన్నపోరన్నా నేను?" అన్నాడు. అరిచి అరిచి ఆగిపోయాడు. కాసేపటికి "నిన్న పగటీలి సంది ఏం తినలేదటనే" అన్నాడు.

ఆ తర్వాత గంట ఒక్కరోజు కూడా తప్పలేదు.

మొదటి షిఫ్టు వారం మధ్యాహ్నం, రెండో షిఫ్టు వారం రాత్రి, మూడోదైతే పొద్దున. కాస్త అటూ ఇటూగా మోగేది గానీ మోగడం మాత్రం ఖాయం. యాడి వేళకు తింటోంది. మొహంలో కాస్త కళ వచ్చింది. ఫోన్లు చేసి వాణ్ణి నిద్ర లేపడం మానేసింది. గంట మోగుతుంటే ఇక ఫోన్ ఎందుకు? వాడు కూడా చేయడం తగ్గించాడు. వీడికి ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందని నేను దుకాణంలో అందరికీ చెప్పుకున్నాను.

ఒకసారి సమ్మె వచ్చి బాయి మూతబడింది. ఎలాగూ ఖాళీగా ఉంటాడని మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను. హోటల్‌లో ఉన్నట్టున్నాడు, వెనక గ్లాసుల చప్పుడు, నవ్వులు. ఏదో చుట్టాల పెళ్ళి సంగతి మాట్లాడుకుంటున్నాం. వాడు చెబుతున్న మాట మధ్యలో ఉండగానే మా టాబ్ ఖంగుమంది. వాడి మాట తెగలేదు. గొంతు కదలలేదు.

"ఒరేయ్, గంట కొట్టినవా ఇప్పుడు?" అన్నాను.

వాడు ఆగాడు. "ఆఁ... కొట్టిన. ఇంకో చేతిల ఫోన్ ఉన్నది గదా."

"బాయి బందుంటె గంటెందుకురా?"

"అలవాటైందక్కా. యాడి సూస్తుంటది గదా."

నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఇంకేదో అడగబోయేలోపు వాణ్ణి ఎవరో పిలిచారు, పెట్టేశాడు. యాడి అప్పటికే ముద్ద కలుపుకుని తింటోంది.

వానలు తగ్గి దోమలు లేచాయి. దుకాణానికి వచ్చే రైతుల్లో ఇంటికొకరు జ్వరమంటున్నారు. ఆ వారం తమ్ముడిది మొదటి షిఫ్టు. గంట రోజూ మధ్యాహ్నమే మోగింది, యాడి రోజూ తిన్నది. ఆదివారం గడిచి సోమవారం వచ్చింది. నేను కాస్త తలనొప్పిగా ఉండి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం ఎప్పటిలాగే ఖంగుమంది. నేను వంచిన తల ఎత్తలేదు. కాసేపటికి చూస్తే యాడి కంచం ముందు అలాగే కూర్చుని ఉంది. ముద్ద కలపలేదు.

"ఏమైందే? మోగింది గదా, తిను," అన్నాను.

"ఈ వారం రెండో షిఫ్టు గదా," అంది.

చదువు రాకపోయినా ఆమెకు వాడి షిఫ్టుల లెక్క అక్కడి మేస్త్రీలకంటే బాగా తెలుసు. "అవ్, అయితే?" అన్నాను.

"ఇది బాయి దిగే యాళ్ల. దిగేటోడు పైకొచ్చిన గంట కొడుతుండేంది?"

ఎవరితోనో షిఫ్టు మార్చుకుని ఉంటాడన్నాను. మార్చుకుంటే చెప్తాడంది. ఫోన్ చేశాను, స్విచాఫ్. బాయిలోకి పోయేముందు ఆపేసి ఉంటాడని నాకు నేనే చెప్పుకుంటూ టాబ్ దగ్గర కూర్చున్నాను. తెర మీద వాడి బొమ్మ గంట దగ్గర నుంచి మెట్లు దిగింది. పొలం వైపు రెండడుగులు వేసింది. ఆగింది. దారి తప్పినట్టు పక్కకు తిరిగింది, మళ్ళీ దిద్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. నేను "ఏందిరా, ఎటు పోయినవ్?" అని మెసేజ్ పెట్టాను. బొమ్మ నిలబడే ఉంది.

సర్దారమ్మకు ఫోన్ చేశాను. "అక్కా, మా తమ్ముడు ఈ నడుమ నీతోని మాట్లాడిండా?"

"నేనే నీకు చేద్దామనుకుంటున్న చెల్లె. శుక్రారం కోట మీద దాడైంది. ఎంత పిలిచినా పలకలే. నిన్న పిలిచిన, పలకలే. గంట మాత్రం కొడుతున్నడు." ఊపిరి పీల్చుకుని మెల్లగా అంది. "కోపం జెయ్యకు. ఆడ ఉన్నది మీ తమ్ముడు గాదు."

వాడితో పనిచేసే ఒకాయన నంబరు నా దగ్గరుంది. ఆయనకు చేశాను. "జరం వచ్చిందని సెలవు పెట్టిండు గదమ్మా," అన్నాడాయన. "ఇంటికి పోయి దవాఖానల సూపించుకుంటనన్నడు. ఇంటికి రాలేదా?"

బాయిలో వాళ్ళేమో ఇంటికి పోయాడనుకున్నారు. ఇంట్లో మేమేమో బాయిలో ఉన్నాడనుకున్నాం. "ఉరుకన్నా," అని అరిచాను. "రూముకాడికి ఉరుకు. నీ కాల్మొక్త, ఉరుకు." ఆయన ఫోన్ పెట్టకుండానే పరుగెత్తాడు. బండి చప్పుడు, మెట్ల మీద అడుగులు, తలుపు బాదడం అన్నీ వినిపిస్తున్నాయి. లోపల గడియ వేసి ఉందన్నాడు. పక్కవాళ్ళను పిలిచాడు. చెక్క విరిగిన చప్పుడు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. "తమ్మీ... ఓ తమ్మీ... లే రా..." అంటున్నాడు. యాడి నా మొహంలోకే చూస్తోంది. చాలాసేపటికి ఫోన్‌లో "ఊపిరున్నది" అని వినపడింది.

మేము దొరికిన రైలెక్కి వరంగల్ చేరేసరికి అంబులెన్సులో వాణ్ణి అక్కడి దవాఖానకు తెచ్చారు. ఎముకల గూడు, ఎండిన పెదాలు. పిలిస్తే కనురెప్ప కదల్లేదు. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, జ్వరం ముదిరి లోపలికి పాకిందని, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని చెప్పింది. ఒక్కడే ఉంటాడా, ఇంట్లోవాళ్ళు ఎవరూ కనుక్కోలేదా అని అడిగింది. ఏం చెప్పను ఆ తల్లికి? రోజూ కనుక్కున్నామమ్మా, రోజూ గంట మోగిందమ్మా అని చెప్పనా? తల అడ్డంగా ఊపి ఊరుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం వాడి మంచం పక్కన ఉన్నాం. యాడి వాడి పాదాలు రుద్దుతోంది. నా సంచిలో ఫోన్ ఖంగుమంది. ఆ ఆట అందులోనూ ఉంది.

పక్క మంచాలవాళ్ళు కూడా తిరిగి చూశారు. భూపాలపల్లిలో తలుపు విరిగిన ఆ గదిలో, గూట్లో, ఛార్జర్‌కు తగిలించిన పాత ఫోన్ తన పని తను చేసుకుపోతోంది. యాడి చేతులు ఆగిపోయాయి. నా సంచి వైపు చూసింది. మంచం మీది కొడుకు వైపు చూసింది. లేచి వాడి తలదాపుకు వచ్చి, చెవి దగ్గర వంగి, చిన్నప్పుడు నిద్ర లేపినట్టే పిలిచింది.

"గంటయితె కొట్టినవ్ బిడ్డా. ఇగ పైకి రా."

వాడు రాలేదు. గురువారం పొద్దున పోయాడు.

ధాన్యం మాక్రో తీసేసిన వాడు గంట మాక్రో ఎప్పుడు పెట్టాడో తర్వాత పాత ఫోన్‌లో చూస్తే తెలిసింది. యాడి బాయి గేటు ముందు కూర్చుని ఏడ్చి వచ్చిందే, ఆ సాయంత్రమే. తల్లి ఇంకోసారి అన్నం మానకూడదని పెట్టాడు. ప్రతి వారం షిఫ్టు మారినప్పుడు వేళ మార్చుకున్నాడు. ఆ సోమవారం మార్చడానికి లేవలేకపోయాడు. ఇంకొక్కటి మాత్రం తలుచుకుంటే నాకు పిచ్చెక్కుతుంది. ఆ గదిలో వాడు కదలలేక పడి ఉన్నప్పుడు ఆ గంట వాడికీ వినపడి ఉంటుంది. తండాలో యాడి నిమ్మళంగా ముద్ద కలుపుకుంటోందనీ, ఇక ఎవరూ రారనీ వాడికి తెలిసి ఉంటుంది. ఎవర్ని మోసం చేశానని అడిగాడు కదా నన్ను. ఇప్పుడు జవాబు నా దగ్గరుంది. చెప్పడానికి వాడు లేడు.

మా తండాలో చావుకు ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. పోయినవాణ్ణి పేరుపెట్టి పిలుస్తూ, వాడు చేసిన పనులన్నీ చెప్పుకుంటూ ఏడుస్తారు. అందరూ ఏడ్చారు. యాడి నోరు తెరవలేదు. కంట తడి లేదు. చూసినవాళ్ళు గుసగుసలాడారు. గదిలోని సామాను ఇంటికి వచ్చిన రోజు ఆమె మూటలన్నీ వదిలేసి ఆ పాత ఫోన్ తీసుకుని, మా గూట్లో పెట్టి, ఛార్జర్ తగిలించమంది. నేను ఆపేయబోతే నా చెయ్యి మీద కొట్టింది. జీవితంలో నన్ను కొట్టడం అదే మొదలు.

మధ్యాహ్నం గూట్లోని ఫోన్ నొక్కుకుంటుంది, గోడకు ఆనించిన టాబ్ మోగుతుంది. యాడి ముద్ద కలుపుతుంది. కొడుకు లేడని ఆమెకు తెలుసు. మట్టి తన చేత్తోనే వేసింది. అయినా కలుపుతుంది. నేను ఆ వేళకు ఇంట్లో ఉండడం మానేశాను. దుకాణంలో మూలకు కూర్చుని చెవులు మూసుకునేదాన్ని, నా ఫోన్‌లో గంట చప్పుడు ఆపేసి ఉన్నా, టాబ్ చప్పుడు అక్కడికి వినపడకపోయినా.

సర్దారమ్మ జనగామ నుంచి మా తండాకు వచ్చింది. మనిషిని చూడడం అదే మొదటిసారి. యాడి పక్కన నేల మీద కూర్చుంది. ఆమె ఉండగానే గంట మోగింది. అంత గట్టి మనిషీ పైట నోట్లో కుక్కుకుంది. పోతూ పోతూ నా చేతులు పట్టుకుని "దండుల నుంచి తీసేద్దామని ఫోన్ తీస్త చెల్లె. నా చేతులతోని ఎట్ల తియ్యాలె?" అంది.

ఆమెకు చేతకాలేదు, యాడి చెయ్యనివ్వదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద, ఫోన్ మీద, ఆట మీద, అన్నిటి మీదా. దుకాణంలో కూర్చుని ఆట తెరిచి, వాడి బొమ్మ మీద వేలు పెట్టి, ఫిర్యాదు మీట నొక్కాను. కారణం అడిగింది. ఈ ఆటగాడు ఆడడం లేదు, మాక్రో ఆడుతోంది, దయచేసి ఆపేయండి అని రాశాను. కంపెనీయే ఆ ఖాతా మూసేస్తే పాపం ఎవరి చేతికీ అంటదు అనుకున్నాను.

జవాబు ఒక ఆదివారం వచ్చింది. నేను ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నానికి ఇంకా వేళ ఉంది. ఇంగ్లీషులో ఉన్న ఆ నాలుగు ముక్కలూ చదివి, మళ్ళీ చదివి, గోడకు జారగిలబడిపోయాను.

"ఎవలు? ఏమంటున్నరు?" అంది యాడి.

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు నాకు. "ఆటోళ్లు. ఆడేది తమ్ముడు గాదు, మిషిననీ, దాన్ని బంద్ చెయ్యమనీ నేనే రాసిన. వాళ్లు అంత సూసిండ్రట. మిషిన్ గాదట. మనిషేనట. మంచిగనె ఆడుతుండట."

ఎవడి తరమూ కాదు పట్టుకోవడం అన్నాడు కదా. నిజమే అయింది.

యాడి చాలాసేపు గూటి వైపు చూసింది. "మనిషేనట" అని తనలో తను అనుకుంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. గూటి దగ్గరికి పోయి, ఆ పగిలిన అద్దంలోకి తొంగి చూసింది, మొదటిసారి చూసినప్పటిలాగే.

"మనిషైతె," అంది, "మరి నా కొడుకేడి?"

ఛార్జర్ తీగ పట్టుకుని లాగేసింది.

నెలల తరబడి ఛార్జర్‌కే ఉండి ఆ ఫోన్ బ్యాటరీ చచ్చిపోయింది, తీగ మీదే నడిచేది. తెర ఒక్కసారి మెరిసి నల్లబడింది. యాడి వచ్చి కంచంలో అన్నం పెట్టుకుని తన చోట కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. టాబ్‌లో కోట ఉంది, గుమ్మం ఉంది, గుమ్మం దగ్గర వాడి బొమ్మ లేదు. గంట వేళ వచ్చింది. వేళ దాటింది. గాలికి గంట అలా వేలాడుతూ ఉంది.

యాడి కంచం పక్కకు జరిపింది. ఆ తర్వాత వాణ్ణి పేరుపెట్టి పిలిచి రాగం ఎత్తింది. తండా అంతా ఇళ్ళలోంచి బయటికి వచ్చింది.